గంపకు చోటేది?

"మెట్రో రైలు స్త్రీకి నగరాన్ని ఇచ్చింది." ఈ మాట నేనొక సదస్సులో విన్నాను. అన్నావిడ నాకు స్నేహితురాలే, మంచి పరిశోధకురాలు కూడా. రాత్రి తొమ్మిదిన్నరకి లైబ్రరీ నుంచి ఒంటరిగా ఇంటికి చేరగలగడం, తోసుకునే మగవాళ్ళు లేని పెట్టె, వెలుతురున్న ప్లాట్‌ఫారం, కెమెరాలు... ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది. ఆ తర్వాత చదివిన మూడు పత్రాలూ ఇంచుమించు అవే మాటలు. హాల్లో ఉన్న వాళ్ళమంతా చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. ఆ నగరానికి పోయినప్పుడు నేనూ ఆ పెట్టెలోనే కూర్చుంటాను కాబట్టి అందులో అబద్ధమేమీ లేదని నాకు తెలుసు. చప్పట్లు అయ్యాక ఎందుకో నా ఒళ్ళో ఉన్న హ్యాండ్‌బ్యాగు వైపు చూసుకున్నాను. పక్కావిడ ఒళ్ళోనూ ఒకటుంది. ముందు వరసలో అందరి ఒళ్ళోనూ ఉన్నాయి. అప్పుడు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా రోజూ రైలెక్కిన మనిషి. ఒక్కనాడు కూడా ఒట్టి చేతులతో ఎక్కలేదు.

మాది రైల్వే కోడూరు పక్కన పల్లె. ఊరి పేరులోనే రైల్వేని పెట్టుకున్న ఊరది. మామిడి, అరటి, బొప్పాయి తోటల మధ్య స్టేషను. నేను చదువుకుని ఉద్యోగం పేరుతో కర్నూలు చేరాను గానీ పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. పెదనాన్న పోయాక ముగ్గురు పిల్లలతో ఆమెకి మిగిలింది ఒక గంప, ఒక సిల్వర్ తపేలా, గుంతకల్లు వైపు పోయే పొద్దుటి పాసింజరు. తోటల్లో కాయ కొని, చీకటితోనే స్టేషనుకి మోసుకొచ్చి, కడపలో అమ్ముకుని, సాయంత్రానికి ఒట్టి గంపలో పిల్లలకి బొరుగులు వేసుకుని తిరిగొచ్చేది.

చిన్నప్పుడు సెలవుల్లో నేనూ ఆమె వెంట పోయేదాన్ని. ఓబులవారిపల్లె, పుల్లంపేట, రాజంపేట, నందలూరు, ఒంటిమిట్ట, భాకరాపేట. స్టేషను స్టేషనుకీ ఇద్దరో ముగ్గురో ఆడవాళ్ళు గంపలతో ఎక్కేవాళ్ళు. జామకాయలు, దోసకాయలు, ఆకుకూరలు, మల్లెపూలు, ఉడకబెట్టిన శెనక్కాయలు. తలుపుల దగ్గరా, సీట్ల మధ్యనా గంపలు నిండిపోయేవి. సీట్లు ఖాళీగా ఉన్నా వాళ్ళు కిందే కూర్చునేవాళ్ళు, గంప మీద చెయ్యి వేసుకుని. నాకు ఇప్పుడు తెలుస్తోంది, అక్కడ ఒక సంత నడిచేది. ఎవరి దగ్గర ఎంత సరుకుంది, నిన్న ఎంతకి అమ్ముడుపోయింది, ఈ రోజు పెళ్ళిళ్ళున్నాయా అని మాట్లాడుకుని ధర కట్టేవాళ్ళు. కడపలో జామకాయ ధర కడపలో తేలేది కాదు. ఒంటిమిట్ట దాటేలోపు ఆ పెట్టెలో తేలేది. ఒకరి సరుకు మరీ మిగిలిపోయేట్టుంటే ఇంకొకరు సగం తీసుకునేవాళ్ళు. వారానికొకసారి చీటీ పాడేవాళ్ళు. మా అక్క పెళ్ళికి కమ్మలు ఆ చీటీ డబ్బుతోనే వచ్చాయి. కడప స్టేషన్లో దిగిన గంపలు కోటిరెడ్డి సర్కిల్ దాకా ఒక గుంపుగా నడిచి, అక్కడి నుంచి వై.వి. స్ట్రీటుకి కొన్నీ, ఏడురోడ్ల వైపు కొన్నీ, ఇళ్ళ సందుల్లోకి కొన్నీ విడిపోయేవి.

కడపకీ కర్నూలుకీ నగర రైలు లేదని అంటారు. నేను ఒప్పుకోను. రోజూ నడిచి, తక్కువ టికెట్టుతో, తోటనీ వీధినీ కలుపుతూ, ఒక ఊరి వంటింట్లోకి పొద్దున పదకొండుకల్లా సరుకు చేర్చే రైలుని ఏమంటారు మరి? అది మెట్రోలాగా గాల్లో నడవలేదు. దాని గురించి ఎవరూ ప్రాజెక్టు రిపోర్టు రాయలేదు. నడిపిన రైల్వేకి కూడా అది నష్టాల పద్దులో ఒక వరస మాత్రమే. కానీ ఒక పట్టణపు వ్యాపారాన్ని రైలు ఎట్లా తీర్చిదిద్దుతుందో తెలుసుకోవాలంటే నేను చూడమనేది ఆ పెట్టెనే.

2020 మార్చిలో కరోనాతో అన్ని రైళ్ళతో పాటు అదీ ఆగింది. అందరూ ఆపుకున్నారు, దాన్ని తప్పు పట్టను. తప్పు పట్టేది తర్వాత జరిగినదాన్ని. దేశమంతటా పాసింజర్లని తిరిగి పట్టాలెక్కించినప్పుడు వాటికి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు పెట్టారు. ఇంజను అదే, పెట్టెలు అవే, వేగమూ ఇంచుమించు అదే. పది రూపాయలున్న కనీస టికెట్టు ముప్పై అయింది. సీజన్ టికెట్లు చాలాకాలం ఇవ్వలేదు. కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడం మానేశాయి. పాత రెండో తరగతి ఛార్జీలు మళ్ళీ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. మధ్యలో నాలుగేళ్ళు. రోజుకి రెండొందలు మిగిలితే గొప్ప అనుకునే మనిషికి, రానూ పోనూ కలిపి నలభై రూపాయలు ఎక్కువ కావడమంటే ఏమిటో లెక్క వేసుకోండి.

ఆ నాలుగేళ్ళలో కడప పళ్ళు తినడం మానలేదు. కాయలు రావడమూ ఆగలేదు. టాటా ఏస్‌లలో వచ్చాయి. బండి ఉన్నవాడు తోటలోనే మొత్తం కాయ మాట్లాడుకుని, పెట్టెల్లో సర్దుకుని, రోడ్డు మీద పోయి సర్కిళ్ళ దగ్గర దింపుకున్నాడు. బండి ఉన్నది మగవాడికి. దానికి అప్పు పుట్టేది మగవాడికి. లైసెన్సూ మగవాడికే. ఇక్కడ ఎవరో కుట్ర చేశారని నేను అనడం లేదు. ఆడవాళ్ళ చేతిలో ఉన్న ఒక వ్యాపారం, ఏ చట్టమూ మారకుండా, ఏ చర్చా జరగకుండా, ఒక టైంటేబులు మార్పుతో మగవాళ్ళ చేతికి పోయింది. పెద్దమ్మ ఇప్పుడు ఇంటి దగ్గరే కాయ కోసి, ఏరి, పెట్టెకింత అని ఆ బండివాడికే సర్దిపెడుతోంది. వ్యాపారస్తురాలు కూలీ అయింది. "రైలు పోతానే ఉండాది మా. మనమే దిగిపోయినాం" అంది నాతో, ఏదో ఊరి సంగతి చెప్పినట్టు.

ఈ మార్పు ఎవరి లెక్కలోకీ ఎందుకు రాలేదు? గంపలో వ్యాపారం చట్టం ముందు వ్యాపారమే కాదు కాబట్టి. 1989 రైల్వే చట్టంలో 144వ సెక్షన్ పెట్టి, అనుమతి లేకుండా రైల్లోనో స్టేషన్లోనో ఏదైనా అమ్మితే ఏడాది దాకా జైలు శిక్ష రాశారు. ఆ సెక్షన్ శీర్షికలో అమ్ముకోవడాన్నీ అడుక్కోవడాన్నీ ఒకే గాటన కట్టారు! 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడే చట్టం వచ్చినప్పుడు మనమంతా సంతోషించాం. సర్వేలు చేస్తారు, గుర్తింపు కార్డులిస్తారు, కమిటీల్లో స్త్రీలుంటారు అని వ్యాసాలు రాశాం. ఆ చట్టం మొదటి సెక్షన్లోనే, ఇది రైల్వే భూములకీ, ఆవరణలకీ, రైళ్ళకీ వర్తించదని ఒక వాక్యం ఉంది. ఎంతమందిమి చదివాం? నేనైతే చాలా ఆలస్యంగా చదివాను. మెట్రోల కోసం చేసిన 2002 చట్టం కూడా అనుమతి లేని అమ్మకాన్ని నేరంగానే చూస్తుంది. అంటే గంప రోడ్డు మీదున్నంతసేపూ జీవనోపాధి, స్టేషను మెట్టు ఎక్కితే నేరం.

రైలు వస్తే ఊరు బాగుపడుతుందనే మాట మా సీమలో కొత్తది కాదు. మద్రాసు నుంచి కడప మీదుగా వేసిన లైను 1871 నాటికి రాయచూరు చేరింది. ఐదేళ్ళకే ధాత కరువు వచ్చింది. రైలుంది కదా, ధాన్యం వస్తుంది అనుకున్నారు. ధాన్యం వచ్చింది, కొనగలిగిన వాళ్ళకి. మిగిలిన వాళ్ళు కరువు పనుల్లో రాళ్ళు కొట్టారు. తర్వాత నందలూరు కథ. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. రైల్వే క్వార్టర్లు, బడి, సినిమా, సందడి. ఇంజన్లు మారి షెడ్డు మూతపడ్డాక ఊరు బోసిపోయింది. నందలూరు గురించి ఎవరు చెప్పినా షెడ్డులో పనిచేసిన మగవాళ్ళ ఉద్యోగాల సంగతే చెబుతారు. డ్యూటీ దిగిన డ్రైవర్లకి అన్నం వండి పంపిన వాళ్ళు, పాలు పోసిన వాళ్ళు, మసి బట్టలు ఉతికిన వాళ్ళు ఎటు పోయారో చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళకి బదిలీ ఉత్తర్వులు రావు కదా.

ఇక కర్నూలు. 1953లో రాజధాని అయి, 1956లో పోగొట్టుకున్న ఊరు. ఆనాటి గుర్తుగా ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు మిగిలాయి. రాజధాని పోయినా బతుకుతెరువుకి హైదరాబాదు పోవడం పోలేదు, రాష్ట్రం విడిపోయాక కూడా పోలేదు. మా వీధిలో ఒకావిడ చీరల ఫాల్సులు, గాజులు, పిల్లల గౌన్లు అమ్మే చిన్న దుకాణం నడిపేది. తెల్లవారుజామున హంద్రీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కాచిగూడలో దిగి, బేగంబజారు, సుల్తాన్‌బజారు తిరిగి సరుకు కొని, రాత్రికి అదే రైల్లో మూటలతో వచ్చేది. ఇట్లాంటి వాళ్ళు కర్నూల్లో, గద్వాలలో, మహబూబ్‌నగర్లో ఎందరో. హైదరాబాదులో రైలు ఎట్లా నడుస్తుందన్నది మా వీధి దుకాణం సంగతి కూడా. అందుకే నేనిక్కడ ఉండి ఆ మెట్రో గురించి మాట్లాడుతున్నాను.

ఆ మెట్రో మొదటి నుంచీ రైలు కన్నా భూమి సంగతి. మొదట మేటాస్ సంస్థకి ఇవ్వాలనుకున్నప్పుడు 296 ఎకరాల ఖరీదైన భూమిని దానితో జతచేశారు. ఢిల్లీ మెట్రోని నడిపిన ఇ. శ్రీధరన్ 2008లో ప్రణాళికా సంఘానికి లేఖ రాసి దాన్ని తప్పుపట్టారు. 2009లో సత్యం కుంభకోణంతో మేటాస్ కూలిపోయింది. 2010లో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. ఈసారి 269 ఎకరాలు. కేంద్రం నుంచి 1,458 కోట్ల సాయం. సంస్థ వేసుకున్న లెక్కలో ఆదాయంలో సగం టికెట్ల నుంచి, 45 శాతం భూమి మీద కట్టే మాల్స్, ఆఫీసుల నుంచి, 5 శాతం ప్రకటనల నుంచి. దీన్ని మరొకసారి చదవండి. రైలు తనే దుకాణాల యజమాని అవుతుంది. అద్దెకిచ్చేవాడికి స్టేషను కింద గుడ్డ పరుచుకుని కూర్చునే మనిషి ఎట్లా కనిపిస్తుంది? పోటీగానైనా కనిపిస్తుంది, అడ్డంగానైనా కనిపిస్తుంది. పంజగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. ప్రయాణికులని వీధిలోకి దించకుండానే దుకాణంలోకి నడిపించడం ఆ నమూనాలోని తెలివి.

సుల్తాన్‌బజారు వ్యాపారులు తమ మీదుగా మెట్రో వద్దని ఏళ్ళ తరబడి పోరాడారు. తెలంగాణ ఉద్యమ కాలంలో నాయకులు వాళ్ళ వైపు నిలబడ్డారు. రాష్ట్రం వచ్చాక దారి మళ్ళిస్తామన్నారు. చివరికి స్తంభాలు అక్కడే దిగాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు నడిచింది. నేను కోఠి విమెన్స్ కాలేజీలో చదువుకున్నదాన్ని. ఆ బజారు సందులు నా కాళ్ళకి తెలుసు. అక్కడి పోరాటం గురించి అప్పుడు వచ్చిన వార్తల్లో వ్యాపారులంటే షట్టర్లున్న మగవాళ్ళు. కొనేవాళ్ళు మాత్రం అందరూ ఆడవాళ్ళే! షట్టర్ల ముందు హెయిర్ క్లిప్పులు, లంగా నాడాలు, పిన్నీసులు పరుచుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఏ పక్షంలోనూ లేరు. ఇప్పుడు ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా పాతబస్తీలో 7.5 కిలోమీటర్ల లైను కోసం ఆస్తులు తీసుకుంటున్నారు. గజానికి 81 వేల రూపాయలని ధర కట్టారు. గజాలున్న వాళ్ళకి గజాల లెక్క. అదే ఇళ్ళ వెనక గదుల్లో గాజులకి రాళ్ళు అతికించే, జర్దోజీ కుట్టే ఆడవాళ్ళ పనిని ఏ గజంతో కొలుస్తారు?

2022లో కంటి పరీక్షకి పెద్దమ్మని హైదరాబాదు తీసుకెళ్ళాను. మెట్రో చూపిద్దామని నా ఉబలాటం. సుల్తాన్‌బజార్ స్టేషన్ కింద నిలబడింది. ఎస్కలేటరు వైపు చూసింది, పైకి చూసింది. ఎక్కేవాళ్ళని చాలాసేపు చూసింది. ఎవరూ ఆమెని ఆపలేదు, ఎవరూ ఏమీ అనలేదు. "అంతా ఊరికే పోతాండారే, ఎవరి దగ్గరా సరుకు లేదే!" అంది. భయపడుతోందనుకుని చెయ్యి పట్టుకున్నాను. భయం కాదు. ఆమెకి ఆ రైలు అర్థం కాలేదు. నగరం ఈ కొస నుంచి ఆ కొసకి చేర్చే రైలు ఒట్టి మనుషులని మోసుకుపోవడం ఆమెకి వింతగా ఉంది. మేం ఎక్కాం. కూర్చుంది, చల్లగా ఉందని మెచ్చుకుంది. దిగాక "మీకు బాగుండాది" అంది. ఆ "మీకు" నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇక్కడ నా స్నేహితురాలు అడ్డం వస్తుంది. మెట్రో వద్దంటావా? రాత్రిపూట ఇంటికి చేరే ఆడపిల్లల భద్రత నీకు పట్టదా? పడుతుంది. నా దగ్గర చదువుకున్న పిల్లలు అమీర్‌పేటలో కోచింగులకీ, హైటెక్ సిటీలో ఉద్యోగాలకీ ఆ రైల్లోనే పోతున్నారు. ఆ పెట్టె ఇంకో నాలుగు పెట్టెలు కావాలి. నా గొడవ పెట్టెతో కాదు. స్త్రీ అనగానే కాపాడవలసిన శరీరంగా మాత్రమే లెక్కించి, ఆమె చేతిలో ఏముందో అడగని ఆలోచనతో. మనకి విడిగా సీటు ఇచ్చినవాళ్ళు మన వ్యాపారానికి చోటు ఇవ్వలేదు. అది చాలనుకుని మనం చప్పట్లు కొట్టాం.

గంపలెక్కితే రైలు మురికి అవుతుంది, రద్దీలో ప్రమాదం అంటారు. బొంబాయి లోకల్ రైళ్ళు దేశంలోకెల్లా రద్దీ రైళ్ళు. వాటిలో సరుకు మోసేవాళ్ళకి విడిగా పెట్టెలున్నాయి. చేపల బుట్టలతో కోళీ ఆడవాళ్ళు రేవుల నుంచి నగరం లోపలికి పోవడం అక్కడ రోజూ కనిపించేదే. ఆ పెట్టె పెట్టినందుకు బొంబాయి మునిగిపోలేదు. ఎవరో ఒకప్పుడు ఆ సరుకూ నగరానికి కావాలని ఒప్పుకున్నారు, అంతే. కొత్తగా కట్టే రైళ్ళలో ఎవరూ ఆ సంగతి ఎత్తడం లేదు.

ఉచిత బస్సు సంగతికి వస్తాను. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది అక్కడే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్టు తీసేశారు. ఆరు నెలలు తిరక్కుండానే, 2024 మేలో, మెట్రో నడిపే సంస్థ పెద్దలు ఈ పథకం వల్ల తమకి ప్రయాణికులు తగ్గుతున్నారని బాహాటంగా అన్నారు. మెట్రోలోంచి తప్పుకునే ఆలోచనలో ఉన్నామని కూడా అన్నారు. పేపర్లు ఆ మాటలని యథాతథంగా అచ్చేశాయి. ఆడవాళ్ళు మెట్రోని ముంచుతున్నారట! రూపాయి లేకుండా ప్రయాణించే పనిమనిషి, కూరగాయలామె, అంగన్‌వాడీ ఆయా కలిసి వేల కోట్ల సంస్థని దివాలా తీయిస్తున్నారన్నమాట. కరోనా కాలపు నష్టాలు, అప్పుల మీద వడ్డీలు, అనుకున్నంత అద్దెలు రాని భూమి లెక్కలు అన్నీ వెనక్కి పోయి, జీరో టికెట్టు ఒక్కటి ముందుకొచ్చింది. 2025 మేలో మెట్రో కనీస ఛార్జీని 10 నుంచి 12కీ, గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75కీ పెంచి, వారంలోనే పది శాతం తగ్గించారు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వమే మెట్రోని తీసుకోవడానికి ఒప్పుకుంది. దాదాపు 13 వేల కోట్ల అప్పు నెత్తికెత్తుకోవడం, సంస్థ వాటాకి దాదాపు 2 వేల కోట్లు ఇవ్వడం ఆ ఒప్పందంలో భాగం. దీన్ని ఎవరూ ఉచితం అనలేదు. ఎవరూ దీని మీద జోకులు వేయలేదు. బస్సులో వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చున్న ఆడవాళ్ళ మీద మాత్రం ఎన్ని వీడియోలు, ఎన్ని వెక్కిరింతలు! ఆ వెక్కిరింతని నేను మరోలా చదువుకున్నాను. ఆమె బస్సుని పనిచోటుగా మార్చుకుంది. మా పెద్దమ్మ పాసింజరుని మార్చుకున్నట్టే.

ఆంధ్రలోనూ 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఉచిత బస్సు వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా. సాయంత్రాల్లో కర్నూలు వీధుల్లో జొన్నరొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకామె చెప్పింది, ఇంతకుముందు ఊరి నుంచి వారానికి మూడు రోజులే వచ్చేదట, ఇప్పుడు రోజూ వస్తోందట. టికెట్టు లేకపోవడమే ఆమె పెట్టుబడి. నగర రవాణా వ్యాపారాన్ని ఎట్లా మారుస్తుందో చెప్పే పత్రం ఆమె మీద ఎవరైనా రాశారా? అయితే బస్సు బస్సే. నిండిన పల్లెవెలుగులో పిండి మూట ఒళ్ళో పెట్టుకోగలరు గానీ మామిడి గంప పెట్టుకోలేరు. రైలు చేసే పని బస్సు చేయలేదు, అందుకే ఈ గొడవంతా.

2024 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం విశాఖకీ విజయవాడకీ మెట్రోల మొదటి దశకి ఆమోదం తెలిపింది. విశాఖకి 46 కిలోమీటర్లు, విజయవాడకి 38. రెండూ కలిపి 22 వేల కోట్ల పైమాట. సీమకి ఏమీ లేదని మా ఊళ్ళో మగవాళ్ళు టీ దుకాణాల దగ్గర ఆవేశపడుతుంటారు, కర్నూలుకి కూడా మెట్రో కావాలంటారు. నాకు ఆ ఆవేశంలో పాలు పంచుకోబుద్ధి కాలేదు. కొండారెడ్డి బురుజు పక్కన స్తంభాలు లేపితే ఎవరికి? మా దగ్గర అడగవలసినవి ఇంతకన్నా చిన్నవి, ఇంతకన్నా కష్టమైనవి. నంద్యాల - యర్రగుంట్ల లైను 1996-97లో మంజూరై రైలు చూడడానికి 2016 దాకా ఆగింది. కడప - బెంగుళూరు లైను 2008-09లో మంజూరై పెండ్లిమర్రి దగ్గర చతికిలబడింది. ఉన్న పట్టాల మీద పొద్దునొకటి, సాయంత్రమొకటి పాసింజర్లు వేళకి నడిపి, ప్రతిదానిలో గంపలకి ఒక పెట్టె వదిలిపెట్టమనండి. సీట్లు తీసేసిన పెట్టె, వెడల్పాటి తలుపు, ఎత్తు తక్కువ మెట్టు. గంపకి కూడా కలిపి ఒక నెలవారీ టికెట్టు. దీనికి వేల కోట్లు అక్కర్లేదు. ఆడవాళ్ళు సరుకు మోస్తారని ఒప్పుకోవడం కావాలి. 2023 ఆగస్టులో దేశంలో 508 స్టేషన్ల పునర్నిర్మాణానికి శంకుస్థాపన చేసినప్పుడు ఆ జాబితాలో మన రాష్ట్రం నుంచి కర్నూలు స్టేషను కూడా ఉంది. ముందు భాగం అందంగా కడతారు. బాగుంది. ఆ ముందు భాగంలో కూర్చుని అమ్ముకునే ఆడవాళ్ళకి నీడ, నీళ్ళు, మరుగుదొడ్డి ఆ నక్షాలో ఎక్కడున్నాయో మనం అడిగి చూడాలి. 2014 చట్టం రైల్వేకి వర్తించదన్న వాక్యాన్ని తీసేయమని అడగాలి. ఇది ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ రాలేదు, స్త్రీల సంఘాల డిమాండ్ల పత్రాల్లో కూడా నేను చూడలేదు.

మనం రైలు మీద ఎన్ని కవితలు రాశాం! కిటికీ పక్కన కూర్చుని, వెనక్కి పోయే చెట్లని చూస్తూ, స్వేచ్ఛ గురించి. నేనూ రాశాను, ఒకటి రెండు అచ్చయ్యాయి కూడా. వాటిని మొన్న తీసి చదివాను. తలుపు దగ్గర గంపల ఆడవాళ్ళు ఒక కవితలో ఉన్నారు, నేపథ్యంగా, "అలసిన ముఖాలు"గా. పెద్దమ్మ ముఖం ఆ రైల్లో అలసి ఉండేది కాదు. లెక్కలు వేసుకుంటూ ఉండేది. చిన్నతనం నుంచీ ఆమె పక్కన కూర్చుని చూసిన నేనే అట్లా రాశానంటే, సదస్సులో స్నేహితురాలిని ఏమనను?

2024 ఫిబ్రవరిలో పాత ఛార్జీలు వచ్చాయని పేపర్లో చూసి ఫోను చేసి చెప్పాను. వారం తర్వాత ఒక గంప బొప్పాయిలతో పోయి వచ్చింది. అమ్ముడుపోయాయట. కానీ పెట్టెలో ఎవరూ లేరట, పుల్లంపేట ఆమె మోకాళ్ళ నొప్పితో మానేసింది, ఒంటిమిట్ట వాళ్ళు ఆటోలకి అలవాటు పడ్డారు. ధర ఎంత చెప్పాలో తెలియక కడప దాకా ఒక్కతే కూర్చుందట. కోటిరెడ్డి సర్కిల్లో ఏస్ బండి పక్కన నిలబడి, వాడు చెప్పే రేటు విని, దానికి రెండు రూపాయలు తగ్గించి అమ్మింది. మళ్ళీ పోలేదు.

ఈ వ్యాసం సగంలో ఉండగా నా స్నేహితురాలికి చదివి వినిపించాను. చాలాసేపు వాదించింది. కొన్నిటికి నా దగ్గర జవాబు లేదు, కొన్నిటికి తన దగ్గర లేదు. చివరికి ఆ పాసింజరు ఎక్కి చూస్తానంది. మామిడి మొదలయ్యాక రమ్మన్నాను. పెద్దమ్మకి చెబితే, "రానీ మా, ఆయమ్మకి ఒక గంప ఎత్తిస్తాం" అంది.